యాభై ఎనిమిది బై ఏ, పైగది

ఆ అమ్మాయి లంచ్ బాక్సు మూత తీస్తే చాలు, నాకు ఒళ్లు మండేది.

పంజాగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల, కింద చెప్పుల షాపు, దాని మీద పళ్ల డాక్టరు, ఆ పైన మా కంపెనీ. కంపెనీ అంటే మరీ ఊహించుకోకండి. మూడు గదులు, ఏసీ మాత్రం సారు గదిలోనే. మధ్యాహ్నం మేమిద్దరం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్లం. నా డబ్బాలో ఎస్.ఆర్. నగర్ హాస్టల్ వాళ్లు పొద్దున్నే పోసిచ్చిన సాంబారు, అందులో ఒంటరిగా ఈదుతున్న ములక్కాడ ముక్క. ఆమె డబ్బాలో ఒకరోజు సర్వపిండి, ఒకరోజు పచ్చిపులుసు, ఇంకోరోజు చింతచిగురు పప్పు. వాళ్లమ్మ కట్టి, పైన గుడ్డ చుట్టి ఇచ్చేది. బల్కంపేట నుంచి పంజాగుట్టకు ఎంత దూరమని, చల్లారేలోపే మా మధ్యాహ్నం అయ్యేది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ రుచి కూడా నేను చూడలేదు. ఆమె రోజూ పెడతాననేది, నేను రోజూ కడుపు నిండిందనేదాన్ని. కుళ్లుకునేవాళ్లకి పౌరుషం కాస్త ఎక్కువే ఉంటుంది.

తిండి ఒక్కటే అయితే సర్దుకునేదాన్నేమో. ఆమె జడ చూసినా నాకు మంటే. మా హాస్టల్లో స్నానాల గది ముందు క్యూ కట్టి, తడి జుట్టుతోనే బస్సెక్కి, మెడ వెనక జాకెట్టు తడిసిపోయి ఆఫీసుకు చేరేదాన్ని. ఆమె మాత్రం నూనె రాసి, బిగించి, ఒక్క వెంట్రుక పైకి లేవకుండా అల్లిన జడతో దిగేది. ఆ జడ వెనక ఒక ఇల్లుందని, ఆ ఇంట్లో దువ్వెన పట్టుకుని నిలబడ్డ తల్లి ఉందని నాకు రోజూ గుర్తొచ్చేది. పైగా నాకంటే ఏడాదే చిన్న, అయినా నన్ను 'అక్క' అని పిలిచేది. అది మర్యాదే, ఈ ఊళ్లో అందరూ అలాగే పిలుచుకుంటారు. కానీ సారు ఎదుట పిలిచిన ప్రతిసారీ నాకు వయసు మీద పడినట్టుండేది.

వాచ్‌మన్ ఆమెను బిడ్డా అనేవాడు. చాయ్ తెచ్చే అన్న ఆమెకు చక్కెర తక్కువ వేసి, నాకు మామూలుగా వేసి తెచ్చేవాడు. నాక్కూడా చక్కెర తక్కువే కావాలి. చెప్పలేదు కాబట్టి తెలియదు అనుకోవచ్చు, నిజమే. ఆమె కూడా చెప్పలేదు, ఆయనే అడిగాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అనేది మా అమ్మ. ఆమెకు నోరూ మంచిదే, ఊరూ ఆమెదే. ఇక తెనాలి నుంచి ఒక ట్రంకుపెట్టెతో దిగిన నాకు మిగిలిందేముంది?

అసలు సంగతి ఇది. మేమిద్దరం ట్రైనీలం. నేను ముందు చేరాను, ఆమె రెండు వారాల తర్వాత. ఆమె చేరిన రోజే సారు ఇద్దరినీ పిలిచి, దాపరికం లేకుండా చెప్పేశారు. ఉన్నది ఒక్కటే సీటు. వానాకాలం మొదలయ్యేలోగా ఎవరి పని బాగుంటే వాళ్లను ఉంచుకుంటాను, రెండోవాళ్లు మనసులో పెట్టుకోవద్దు అన్నారు. నాకు ఆ సీటు రాకపోతే తెనాలి రైలెక్కడమే. బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొని పెట్టామని నాన్న అప్పటికే కబురు పెట్టారు. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు చేస్తున్నానని మా వీధంతా చెప్పుకుంది. ఇప్పుడు అదే వీధిలోకి పెట్టె మోసుకుంటూ తిరిగి వెళ్లాలంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత నా కోసమే పుట్టిందని రోజూ భయపడేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం నాకు ధైర్యం ఉండేది. నేను అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చాను. అప్పట్లో అమీర్‌పేటలో గోడకు ఖాళీ ఉంటే కోర్సు పేరు, మనిషి చేతికి ఖాళీ ఉంటే పాంప్లెట్టు. రెండొందల మంది పట్టే హాల్లో మైకు పెట్టి, వెబ్‌సైట్లు తయారుచేసే పీహెచ్‌పీ భాష చెప్పిన సారు నోట్సు, కిందనే జిరాక్సు షాపులో దొరికేది. అది నాకు కంఠతా వచ్చు. ఆమె ఏ కోర్సూ చేయలేదు. వాళ్ల అన్న వాడి వదిలేసిన కంప్యూటరు మీద తనంతట తాను నేర్చుకుందట. మొదట అది విని లోలోపల నవ్వుకున్నాను. తర్వాత, నేర్పేవాళ్లు లేకుండానే ఇంత వచ్చిందా అని దానికీ కుళ్లుకున్నాను.

మా ఇద్దరికీ పరీక్షగా వచ్చిన పని ఒక ఇళ్ల బ్రోకరుది. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, బల్కంపేట చుట్టూ ఖాళీ గదులన్నీ ఆయన చేతిలో ఉండేవి. ఊళ్లో పిల్లలందరూ కంప్యూటర్లో చూస్తున్నారు కాబట్టి తన గదులు కూడా కంప్యూటర్లో కనపడాలన్నాడు. ఆయన మనుషులు గదులన్నిటినీ ఒక పొడుగాటి ఫైల్లో కొట్టించి ఇచ్చారు. ఒక్కో గదికి ఒక్కో లైను. ముందు పేట పేరు, ఒక ఏటవాలు గీత, ఇంటి నంబరు, మళ్లీ గీత, దాని బై నంబరు, అలా సాగి చివర సమాన గుర్తు, దాని తర్వాత ఆ గది వివరం. 'బల్కంపేట/58/A/2 = ఒక గది, వంటిల్లు, ఖాళీ' అన్నట్టు.

మేము చేయాల్సింది ఆ లైనును గీత ఉన్నచోటల్లా కోసి, వచ్చిన ముక్కలతో ఒకదాంట్లో ఒకటి ఇమిడే డబ్బాలు తయారుచేయడం. పీహెచ్‌పీలో వాటిని అర్రేలు అంటారు, ఒక్కో ముక్క ఒక్కో కీ, అంటే డబ్బా మీద రాసిన పేరు అవుతుంది. మన వంటింట్లో స్టీలు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి అటక మీద దాస్తామే, అదే లెక్క. బల్కంపేట అనే పెద్ద డబ్బా తెరిస్తే అందులో 58, అది తెరిస్తే A, అది తెరిస్తే 2, అందులో గది వివరం. మనిషి పేట మీద నొక్కితే ఇళ్లు, ఇంటి మీద నొక్కితే పోర్షన్లు విప్పుకోవాలి.

ఈ లెక్క మా జిరాక్సు నోట్సులోనే ఉంది. అక్కడ ఉదాహరణ దేశం, రాష్ట్రం, జిల్లా, ఊరు. కొయ్యి, మొదటి డబ్బా ఉందో లేదో చూడు, లేకపోతే పెట్టు, లోపలికి దిగు, మళ్లీ చూడు. చివరి ముక్క దగ్గర వివరం రాసెయ్యి. నోట్సు చూడకుండానే మధ్యాహ్నానికల్లా రాసేశాను. నడిపిస్తే అమీర్‌పేట దాటింది, ఎస్.ఆర్. నగర్ దాటింది, బల్కంపేట దగ్గర ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. ఏదో ఒకచోట డబ్బా ఉండాల్సిన చోట డబ్బా కాకుండా ఇంకేదో అక్షరాలున్నాయని దాని గొడవ. టైపు చేసినవాళ్లు చెత్త కొట్టి ఉంటారనుకున్నాను. మా ఉదాహరణలో రాష్ట్రం ఉన్నచోట ఎప్పుడూ రాష్ట్రమే ఉండేది మరి. ఒక లైను చేర్చాను: అక్కడ ఉన్నది డబ్బా కాకపోతే దాన్ని పారేసి, కొత్త డబ్బా పెట్టు. ఎర్రర్ పోయింది. బల్కంపేట కూడా జలజలా విప్పుకుంది. నాకు పట్టలేని సంతోషం వేసి, కిందకు వెళ్లి ఒక మిరపకాయ బజ్జీ తిని వచ్చాను.

ఆమె ఇంకా మొదలే పెట్టలేదు. ఫైలును ప్రింటు తీసుకుని, బల్కంపేట పేజీ ముందు పెట్టుకుని, పెన్నుతో గీతలు గీస్తోంది. మర్నాడు భోజనాల దగ్గర ఇళ్ల నంబర్ల గురించి ఏదో చెప్పింది. వాళ్ల తాత ఇల్లు మొదట ఒకటే నంబరట. కొడుకులు వేరుపడ్డప్పుడు గోడలు లేచి బై నంబర్లు వచ్చాయట. ఒకరికి బై ఏ అయితే, వాళ్లు వెనక రెండు గదులు కట్టి కిరాయికి ఇస్తే అవి బై ఏ బై ఒకటి, రెండు అయ్యాయట. నేను వింటున్నట్టు తలూపాను. నా కళ్లు మాత్రం ఆమె డబ్బాలో పచ్చిపులుసు మీదున్నాయి. పైన తేలుతున్న ఉల్లిపాయ ముక్కలు ఇంత సన్నగా ఎవరు తరిగారబ్బా అని ఆలోచిస్తున్నాను.

తిన్నాక నా ప్రోగ్రాం ఒకసారి చూస్తానంది. ఇద్దరివీ పక్కపక్కన పెట్టుకుంటే తప్పులు దొరుకుతాయి కదా అంది. అప్పటి మానిటర్లు బస్తా బరువు. ఆ బరువును నా వైపుకు జరుపుకుని, ఇంకా కాలేదని చెప్పాను. ఆమె ఏమీ అనుకోలేదు. ఆమె దేనికీ ఏమీ అనుకోదు, అది మరో మంట.

బ్రోకరు చూడ్డానికి వచ్చిన రోజు సారు మొదట నాదే తెరిపించారు. నేను పేటకో రంగు పెట్టాను. నొక్కగానే విప్పుకుంటుంటే సారు మొహం వెలిగింది. ఆయన కుర్చీ వెనక ఆమె నిలబడి నా స్క్రీను చూస్తోంది. ఈ ఒక్కసారికి ఆమె నన్ను చూసి కుళ్లుకోవాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. బ్రోకరు కళ్లజోడు సర్దుకుని బల్కంపేట తెరవమన్నాడు. తెరిచాను. యాభై ఎనిమిది తెరవమన్నాడు. తెరిచాను. బై ఏ నొక్కితే ఒకటి, రెండు కనిపించాయి. ఆయన కాసేపు చూసి, జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు. అందులో ఎర్రదారం కట్టిన ఒక చెవిని విడదీసి బల్ల మీద పెట్టాడు.

"బై ఏ పైగది ఏది బిడ్డా? మొన్ననే గీ చెవి నా చేతిల వెట్టిండ్రు."

బై ఏలో ఒకటీ రెండూ ఉన్నాయి కదండీ అన్నాను. అవి వెనక గదులు, బై ఏ అంటే అసలు ఇల్లు, దాని మీద ఒక గది ఉన్నది అన్నాడు. లిస్టులో లేదేమో అన్నాను. సారు ఫైలు తెరిచి వెతికారు. ఉంది. 'బల్కంపేట/58/A = పైగది, ఖాళీ.' దాని కిందే బై ఒకటి, బై రెండు. అప్పుడు అర్థమైంది నాకు. బై ఏ అనేది గదుల్ని పెట్టుకున్న డబ్బా మాత్రమే కాదు, తనకంటూ ఒక వివరం ఉన్న ఇల్లు కూడా. నా ప్రోగ్రాం మొదట ఆ వివరం రాసుకుంది. తర్వాతి లైనులో బై ఒకటి రాగానే, ఇది డబ్బా కాదే అని ఆ వివరాన్ని పారేసి, అక్కడ ఖాళీ డబ్బా పెట్టింది. పారెయ్యమని చెప్పింది నేనే. బల్కంపేటలో అలా పోయిన ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయో.

సారు ఆమెది తెరవమన్నారు. రంగులూ గింగులూ ఏమీ లేవు, తెల్ల స్క్రీను మీద నల్ల అక్షరాలు. యాభై ఎనిమిది, బై ఏ. దాని కింద మొదటి వరసలో పైగది, ఆ తర్వాత ఒకటి, రెండు. ఆమె ప్రతి డబ్బాలోనూ మూలన ఒక చిన్న అర పెట్టి, దానికి ఇంగ్లీషు అక్షరాల్లో 'సొంతం' అని పేరు పెట్టింది. ఇల్లు తన గదిని ఆ అరలో దాచుకుంటుంది, మిగతా చోటంతా లోపలి ఇళ్లది. ఇంతే ఉపాయం. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఉపాయం గొప్పదని కాదు, నాకు తట్టనంత మామూలుదని.

బ్రోకరు తాళంచెవిని మళ్లీ గుత్తిలో వేసుకుంటూ, గీ బిడ్డకు ఇళ్లు ఎరుక అన్నాడు.

సీటు ఎవరికన్నది ఆ తర్వాత కొద్దిరోజులకు గానీ సారు చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసు. గదిలోకి పిలిచి, నీ పనిలో వేగం ఉందమ్మా, తొందరలోనే ఎక్కడైనా దొరుకుతుంది అన్నారు. ఆ ఏసీ గదిలో నేను కూర్చున్నది ఆ ఒక్కసారే. చల్లగా బాగుంది. బయటికొచ్చి నా డబ్బా, గొడుగు తీసుకుని, ఆమె మొహం చూడకుండా మెట్లు దిగిపోయాను.

చెప్పుల షాపు దగ్గర ఆమె వెనక నుంచి వచ్చి నన్ను అందుకుంది. పరుగెత్తుకొచ్చినట్టుంది, అయినా జడ చెక్కుచెదరలేదు. ఓదార్పు మాటలు మొదలుపెడితే తిట్టేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆమె ఓదార్చలేదు. ఇప్పుడేం చేస్తావని అడిగింది. హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్తాను అన్నాను. ఈ ఊళ్లో ఇంటర్వ్యూలకు తిరిగితే దొరక్కపోదు కదా అంది. తిరగడానికి ముందు ఉండటానికి చోటుండాలి, మీకేం, ఇల్లుంది, మాటలు వస్తాయి అని ముఖం మీదే అనేశాను. అన్నాక కాస్త హాయిగా అనిపించింది.

ఆమె అంది:

"మా పైగది ఖాళీగనే ఉన్నది అక్క. నీ సైట్ల లేకుండె గాని, ఉన్నది."

నాకు వెంటనే తట్టలేదు. తట్టాక, యాభై ఎనిమిది బై ఏ మీ ఇల్లా అని అడిగాను. చెప్పిన కదా అక్క, అన్నం తినేటప్పుడు అంది. మరి ఆ రోజు బ్రోకరు అడిగినప్పుడు ఇది మా ఇల్లే అని ఎందుకు చెప్పలేదన్నాను. చెప్తే నువ్వు ఇంకా పరేషాన్ అయితవనుకున్న అంది. పంజాగుట్ట చౌరస్తాలో అన్ని హారన్ల మధ్య నిలబడి, ఈ మనిషిలో తిట్టడానికి నాకు ఒక్కటైనా దొరకదా దేవుడా అనుకున్నాను.

ఆషాఢంలో ఎవరైనా ఇల్లు మారతారటే అని అమ్మ ఫోన్లో గోల పెట్టింది. అందుకే కదమ్మా ఆ గది ఇంకా ఖాళీగా ఉంది, అందుకే తక్కువకి ఇస్తున్నారు అన్నాను. బల్కంపేట ఎల్లమ్మ గుడిలో కల్యాణానికి వచ్చిన జనంతో సందు నిండిపోయి ఆటో లోపలికి రానంది. నా ట్రంకుపెట్టెకు ఒకవైపు నేను, ఒకవైపు ఆమె పట్టుకుని, వేపకొమ్మల, పసుపునీళ్ల మధ్య ఇరుక్కుంటూ వెళ్లాం. నేను కుళ్లుకున్న ఇల్లు ఇది కాదు. నేను అనుకున్న ఇంట్లో వాకిలి పెద్దది, గదులు చాలా, అద్దం ముందు తీరిగ్గా జడ. ఇక్కడ వాకిలి మధ్య ఇటుక గోడ. గోడకు అవతల పెదనాన్న వాళ్లు, వెనక కిరాయి వాళ్లు. మిగిలిన గదిలో ఆమె, అమ్మానాన్నలు, అన్న, ఆ పాత కంప్యూటరు. పైగది ఆమెదేనట, కిరాయికివ్వాలని కిందకు దిగిందట. ఆమె మంచం తీసేసిన చోట గచ్చు మీద నాలుగు గుర్తులున్నాయి. నా మంచం సరిగ్గా అక్కడే వేశాను, ఇంకెక్కడా పట్టలేదు.

దాంతో నా అసూయ పోయిందనుకుంటే పొరపాటు. ఇదివరకు మధ్యాహ్నం ఒక్కపూట ఉండేది, ఇప్పుడు రోజంతా. పొద్దున్నే ఆమె కింద నుంచి 'అక్క, పోయొస్త' అని కేకేసి ఆఫీసుకు బయల్దేరేది. నేను పిట్టగోడ దగ్గర నిలబడి, ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసి, నా సీటులో కూర్చోవడానికి వెళ్తోంది మహాతల్లి అనుకునేదాన్ని. తర్వాత వాళ్లమ్మ పైకి పంపిన పచ్చిపులుసు గిన్నె అడుగు కనపడేదాకా తాగేదాన్ని. ఉల్లిపాయ అంత సన్నగా తరిగేది వాళ్లమ్మ కాదు, ఆమేనని అప్పుడే తెలిసింది. మధ్యాహ్నాలు బయోడేటా ఫైలు పట్టుకుని అమీర్‌పేటంతా తిరిగేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున తలుపు తట్టిన చప్పుడు. తీస్తే కొత్తగా పెళ్లయిన జంట. సైట్లో చూసి వచ్చామండి, పైగది ఖాళీ అని ఉంది అన్నారు. నేనే ఉంటున్నానని చెప్పి పంపించేశాను. తలుపు వేయగానే నాలో ఎక్కడలేని ఉత్సాహం పుట్టింది. నెలన్నర అయింది నేనొచ్చి, ఇంకా ఖాళీ అని చూపిస్తోందంటే ఆమె ప్రోగ్రాంలో తప్పుందన్నమాట. ఇన్నాళ్లకు దొరికింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.

ఆమె గడప దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. నీ సైటులో తప్పుంది, నేనుంటున్న గదిని ఖాళీ అని చూపిస్తోంది, నెలన్నర నుంచి చూసుకోలేదా అని గొంతు పెంచి అడిగాను. వంటింట్లోంచి వాళ్లమ్మ తొంగిచూసింది. ఆమె కత్తి పక్కన పెట్టి, కళ్లు మోచేత్తో తుడుచుకుని నవ్వింది.

"తప్పు గాదక్క, నేనే తీయలే. నీకు నౌకరి జల్ది వస్తది, నువ్వు పోతవ్. మళ్ల ఎక్కియ్యాలె గదా అని."

ఎవరు చెప్పారు నీకు జల్దీ వస్తుందని అన్నాను. ఎవరు చెప్పాలె, నాకు ఎరుక అని మళ్లీ ఉల్లిపాయ అందుకుంది.

మెట్లెక్కి పైకొచ్చి మంచం మీద కూర్చున్నాను. ఆ నెలన్నరలో నాకు ఉద్యోగం వస్తుందని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు. తెనాలి రైలు టైములు గోడ మీద రాసి పెట్టుకున్నాను. నా మీద నాకే లేని నమ్మకం ఈ పిల్లకెక్కడి నుంచి వచ్చిందని, చివరికి దానిక్కూడా కుళ్లుకున్నాను. అప్పుడు లేచి రైలు టైములు చెరిపేశాను.